ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అగ్గువైతదట! ఎవరికి?



పోయిన నెలలో ఒక సాయంత్రం మా దగ్గర చదువుకున్న పిల్లగాడొకడు బడి వదిలే వేళకు వచ్చిండు. మండల కేంద్రంలో ఒక ఫోటో స్టూడియోలో ఆరేండ్లుగా పనిచేస్తున్నడు. పెండ్లిళ్లలో లైటు స్టాండు మోయడంతో మొదలుపెట్టి ఇప్పుడు సగం పెండ్లి వాడే తీస్తున్నడు. ఆల్బం మీద పేరు మాత్రం స్టూడియోది. వానికి దక్కేది రోజు కూలి. "సార్, సొంతంగ పెట్టుకుంట. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కొంట. ఫైనాన్సోళ్లు జామీను అడుగుతున్నరు. మీరు సంతకం పెట్టాలె" అన్నడు. అమ్మ పుస్తెలతాడు కుదువబెట్టే మాట కూడా ఇంట్లో అయిపోయిందట. ఇంకో దిక్కు దోస్తులు "తొందరపడకు, ఏడాది ఆగితే ఫుల్‌ఫ్రేమ్ అగ్గువైతది" అంటున్నరట. కొనాల్నా, ఆగాల్నా? ఇదీ వాని ప్రశ్న.

జామీను సంతకం అంటే చిన్న సంగతి కాదు. వారం గడువు అడిగి, తెలిసినోళ్లను అడిగి, లెక్కలు చూసినం. ఈ ప్రశ్న ఒక్క పిల్లగానిది కాదు. ప్రతి ఊర్లో, ప్రతి వాడలో ఇట్లాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు తేలుతున్నరు. అందుకే మేము తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నం.

మొదలు ఈ మాటకు అర్థం చెప్పుకుందాం. పాత రీలు కెమెరాలో ఒక్కో ఫోటో పడే చోటు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. డిజిటల్ కెమెరాలో రీలు బదులు సెన్సరు ఉంటది. ఆ సెన్సరు కూడా అంతే సైజు ఉంటే ఫుల్‌ఫ్రేమ్ అంటరు. అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సరు సుమారు 370 మాత్రమే. వానలో గంగాళం పెడితే ఎన్ని నీళ్లు పడతయి, చెంబు పెడితే ఎన్ని పడతయి? వెలుగు సంగతి కూడా అంతే. పందిట్లో రెండు బల్బులు వెలుగుతున్న చోట, రాత్రి అప్పగింతల వేళ, పెద్ద సెన్సరు బొమ్మను శుభ్రంగా పడుతది. చిన్నది గరుకు గరుకుగా పడుతది. ఇక మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేనిది. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం లేచి పడుతుంటే టక్కుమని చప్పుడయ్యేది. ఇందులో ఆ అద్దం తీసేసి, సెన్సరు చూసేదే చిన్న తెర మీద మనకు చూపిస్తరు. 2020 తర్వాత కెనాన్, నికాన్ కంపెనీలు కొత్త ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ ఒక్కటి కూడా తేలేదు. ముందు ముందు నడిచేది మిర్రర్‌లెస్సే.

మరి పెద్ద సెన్సరుకు ఇంత ధర ఎందుకు? గుండ్రటి సిలికాన్ పలక మీద సెన్సర్లను తయారుచేసి ముక్కలుగా కోస్తరు. జొన్నరొట్టెను చిన్న ముక్కలు చేస్తే ఎక్కువ వస్తయి, పెద్ద ముక్కలు చేస్తే తక్కువ వస్తయి, అంచులు వృథా పోతయి. రొట్టె మీద ఒక్కచోట మాడితే చిన్న ముక్క ఒకటి పారేస్తే సరిపోతది. పెద్ద ముక్క అయితే నష్టం కూడా పెద్దదే. ఇది కంపెనీల కుట్ర ఏమీ కాదు, పని స్వభావమే అంత. కానీ ధర మొత్తానికి ఇదొక్కటే కారణం అంటే మాత్రం నమ్మకండి.

ధరల కథ చూడండి. అన్నీ అమెరికాలో విడుదలైన రోజు ధరలు, ఒక్క బాడీకి. 2002లో కెనాన్ మొదటి ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరా 7,999 డాలర్లు. 2005లో అదే కంపెనీ 5డీ 3,299. 2012లో కెనాన్ 6డీ, నికాన్ డీ600 రెండూ 2,099. 2013లో సోనీ ఏ7 అనే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ వచ్చింది, 1,699. 2019లో కెనాన్ ఆర్‌పీ 1,299. ఇంత దాకా చూస్తే ఎవరికైనా ఆశ పుడతది. ఇట్లనే దిగితే రేపో మాపో మన చేతికి అందుతది అనిపిస్తది. అయితే ఆ మెట్లు అక్కడే ఆగినయి. 2020లో నికాన్ జెడ్5 1,399. 2023లో కెనాన్ ఆర్8 1,499. 2025లో నికాన్ జెడ్5-2 మళ్లా 1,699. పన్నెండేండ్లు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినం.

న్యాయంగా ఒక మాట చెప్పాలె. 2025 కెమెరా 2013 కెమెరా కంటే ఎన్నో రెట్లు మంచిది. డాలరు విలువ కూడా ఈ మధ్యలో తగ్గింది, కాబట్టి అమెరికావాడికి అది నిజంగా కొంత అగ్గువైనట్టే. మన సంగతేంది? 2013 చివర్లో డాలరుకు 60 రూపాయల పైచిలుకు. 2025లో 85 దాటింది. అదే 1,699 డాలర్లు అప్పుడు లక్షా నాలుగైదు వేలు, 2025లో లక్షా నలభై నాలుగు వేలు. పైన పన్ను వేరే. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2019 జనవరి నుంచి 18 చేసిండ్రు. తగ్గించిన ఆ కాస్తా రూపాయి పడిపోవడంలో కొట్టుకపోయింది. వాళ్లకు అగ్గువైన సరుకే మనకు పిరమైంది.

కంపెనీలు ధర ఎందుకు దించవు? జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల్లోనే జవాబుంది. 2010లో వాళ్లు ప్రపంచం మొత్తానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైన. 2023లో 80 లక్షలు కూడా లేవు. చిన్న కెమెరాలను ఫోన్లు మింగేసినయి. ఎక్కువమందికి తక్కువ లాభంతో అమ్మే దారి మూసుకపోయింది. ఇప్పుడు తక్కువమందికి ఎక్కువ ధరకు అమ్మి బతుకుతున్నరు. అటువంటి వ్యాపారంలో మన పిల్లగాడు వాళ్ల కంటికే ఆనడు. వాళ్లు మన మీద దయతలచి యాభై వేలకు కొత్త ఫుల్‌ఫ్రేమ్ ఇస్తరని కూసుంటే మన పిల్లలు స్టాండ్లు మోస్తూనే ఉంటరు.

అగ్గువ అని పేరు పెట్టి తెచ్చినవాటిలో ఏం తీసేసిండ్రో కూడా చూడాలె. ఆర్‌పీలో, ఆర్8లో కార్డు పెట్టే చోటు ఒక్కటే. 2024లో 1,499 డాలర్లకు వచ్చిన పానసోనిక్ ఎస్9లో కూడా ఒక్కటే, పైగా కన్ను ఆనించి చూసే కిటికీ కూడా లేదు. నికాన్ జెడ్5లో మాత్రం రెండు కార్డులు పడతయి. ఒక్క కార్డుతో ఊరు తిరిగి బొమ్మలు తీసేవాడికి నష్టం లేదు. పెండ్లి తీసేవాడికి? ఆ కార్డు చెడిపోతే తాళి మళ్లా కట్టిస్తమా? ఆ ఇంటివాళ్లకు ఏం జవాబు చెప్తం? స్టూడియో ఓనరుకైతే నలుగురు పెద్దమనుషులు అడ్డం వస్తరు. మన పిల్లగానికి ఎవరొస్తరు?

అసలు గుంజుకునేది లెన్సు. బాడీ ధర చూసి కొన్నోడు లెన్సు దగ్గర మునుగుతడు. పెండ్లి పనికి అందరూ వాడే 24-70 ఎఫ్2.8 లెన్సు కెనాన్, నికాన్ సొంతవి విడుదలైన రోజున 2,299 డాలర్లు. అంటే బాడీ కంటే ఎక్కువ. అదే పనికి దగ్గరగా వచ్చే 28-75 లెన్సును టామ్రాన్ అనే బయటి కంపెనీ సోనీ కెమెరాల కోసం 2018లో 799 డాలర్లకు ఇచ్చింది. మూడింట ఒక వంతు! ఎట్లా ఇవ్వగలిగింది? సోనీ తన లెన్సు అమరిక వివరాలను 2011లోనే బయటి కంపెనీలకు ఇచ్చింది. కెనాన్ తన కొత్త ఆర్ఎఫ్ అమరికను ఏండ్ల తరబడి మూసిపెట్టింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు గేటు తెరిచినప్పుడు కూడా చిన్న సెన్సరు లెన్సుల వరకే తెరిచింది. బావి ఒకని చేతిలో ఉంటే నీళ్ల ధర వాడు చెప్పిందే కదా! కాబట్టి కొనేవాళ్లు ముందు అడగాల్సింది "ఈ బాడీ ఎంత" అని కాదు. "దీనికి బయటి లెన్సులు ఎన్ని దొరుకుతయి, అవి ఎంత" అని. వీటి మీద కార్డులు, బ్యాటరీలు, ఫ్లాషు, బొమ్మలు దిద్దడానికి కంప్యూటరు. అన్నీ కలిపితే లక్ష అనుకున్నది రెండు లక్షల పైనే తేలుతది. నూటికి మూడు రూపాయల మిత్తి లెక్కన రెండు లక్షలకు నెలకు ఆరు వేలు ఒట్టి మిత్తికే పోతయి. పెండ్లి ముహూర్తాలు ఏడాదంతా ఉండవు. మూఢంలో మిత్తి ఆగదు.

"అయితే మీకెందుకీ పెద్ద కెమెరాలు, ఫోను సరిపోదా?" అనేవాళ్లున్నరు. ఈ మాట మేము ఒప్పుకోం. సదువు సంగతిలో ఇట్లనే అన్నరు, కొలువు సంగతిలో ఇట్లనే అన్నరు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టిండ్రు. అక్షరం రానివాళ్లు కూడా వాళ్లలో ఉన్నరు. పై నుంచి కిందికి చూసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. కండ్లకు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. వాళ్లు తమ పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీసిండ్రు. అందరికన్నా మంచి కెమెరా వచ్చేదాకా ఆగలేదు. ఇంకొకరు పట్టే కెమెరా ముందర చేతులు కట్టుకొని నిలబడిన కాలం మనకు చాలు. అట్లని అప్పుల పాలైతేనే కెమెరా మనదైతది అనుకోవడం కూడా తప్పే.

ఇంకొక మాట. పెద్ద సెన్సరు కొంటే నల్లటి ముఖం నీడలో కూడా చక్కగా వస్తది. కానీ దాన్ని ఇంటికి తెచ్చి కంప్యూటర్ల తెల్లగ రుద్దితే ఆ లక్షన్నర దేనికి? కొడాక్ కంపెనీ కొన్ని దశాబ్దాలు తెల్ల ఆడవాళ్ల ఫోటోకార్డు ముందర పెట్టుకొని రంగులు సరిచూసింది. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్లు. ఆ కార్డు ఇప్పుడు మన పిల్లల బుర్రల్లో ఉండొద్దు. పెండ్లిపిల్ల ఏ రంగులో ఉన్నదో ఆ రంగులోనే అందంగా తీయడం నేర్వాలె. అది ఏ కంపెనీ అమ్మదు.

ఇగ మా లెక్క చెప్తం. అగ్గువ ఫుల్‌ఫ్రేమ్ వస్తది. కొత్త డబ్బాలో మాత్రం రాదు, పాత మోడల్‌గా వస్తది. 2014 నాటి సోనీ ఏ7-2ను 2018 చివర్లో అమెరికా పండుగ అమ్మకాల్లో లెన్సుతో కలిపి వెయ్యి డాలర్ల లోపు ఇచ్చిండ్రు. ఆర్‌పీ కూడా పాతబడ్డంక వెయ్యికి దిగింది. పెద్ద స్టూడియోలోళ్లు కొత్తవి కొన్నప్పుడల్లా వాళ్ల పాతవి బజారుకొస్తయి. మనకు అందే దారి అది. అయితే పాతది కొనేటప్పుడు తెలిసినోన్ని వెంటబెట్టుకపోవాలె. బిల్లు ఉన్నదా, షట్టరు ఎన్ని వేల సార్లు పడ్డది, లెన్సులో బూజు ఉన్నదా, సెన్సరు మీద గీత ఉన్నదా చూడాలె. బిల్లు లేని కెమెరా ముట్టొద్దు. రేపు దొంగసొమ్ము అని ఎవరన్నా అంటే ముందు పట్టుకునేది మన పిల్లగాన్నే.

మేము జామీను సంతకం పెట్టలేదు. పెట్టనని చెప్పడం మాకు సులువు కాలేదు. వాడు తలవంచుకొని కూసున్నడు. "బిడ్డా, అమ్మ పుస్తెలతాడు ముట్టకు. ఈ సీజను కిరాయికి తెచ్చి నీ పేరు మీద నాలుగు పెండ్లిళ్లు తియ్యి. గిరాకీ నీకు వస్తదా, స్టూడియోకే పోతదా తేలుతది" అన్నం. పక్క ఊర్లలో ఇదే పనిలో ఉన్న ఇంకో ముగ్గురిని కలిపినం. నలుగురూ కలిసి రెండు కార్డులు పట్టే పాత బాడీ ఒకటి, మంచి లెన్సు ఒకటి కొనాలని మాట అనుకున్నరు. మేము కూడా ఒక వంతు ఇస్తమని చెప్పినం, మిత్తి లేకుండ. ఎవరి ముహూర్తం ఏ రోజో పుస్తకంలో రాసుకుంటరు. ఒకే రోజు ఇద్దరికి పడితే ఒకరు కిరాయికి తెచ్చుకుంటరు, ఆ కిరాయి నలుగురి మీద పడుతది. పగిలితే ఎవరు కట్టాలె అన్నది ముందే రాసుకున్నరు. తగాదాలు రావా? వస్తయి. ఫైనాన్సోడు ఇంటిమీదికి రావడం కంటే నలుగురు కూసొని తిట్టుకోవడం నయం.

మీ ఊర్లలో ఇట్లాంటి పిల్లలుంటే ఒక్కొక్కన్ని ఒంటరిగా షాపుకు పంపకండి. నలుగురిని ఒకచోట కూసోబెట్టండి. సంఘంలో వంద రూపాయల చందాలు పోగుచేసినం, మైకు సెట్టు కొన్నం, డప్పులు కొన్నం. కెమెరా కూడా అట్లనే కొందాం.