మద్దెల ఓడు కాదు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పలుకుబడులను ఏళ్ల తరబడి సేకరించి మైఎస్‌క్యూఎల్‌లో దాచుకొన్నాను. వాటిని పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చిన యువకుడొకరు, పదాల స్థానంలో ప్రశ్నార్థకాలు చూపి, "తెలుగుతో ఇదే తంటా మాస్టారూ, ఇంగ్లీషు లిపిలో రాసుకోండి" అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నది!

దోషం లిపిది కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నది. 'జనగామ' అంటే 5 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి 3 చొప్పున 15 బైట్లు. 2018లో 8.0 వచ్చేదాకా, మనం వేరుగా చెప్పకపోతే మైఎస్‌క్యూఎల్ లాటిన్-1నే పట్టుకొని ఉండేది. డంపు తీసేటప్పుడు ఆ లాటిన్‌లోకి మారిస్తే మిగిలేవి 5 ప్రశ్నార్థకాలు. వాటినుండి పదం తిరిగి రాదు. 15 దాకా వింత అక్షరాలు కనబడితే మాత్రం బైట్లు బ్రతికి ఉన్నట్లే, సరిదిద్దవచ్చును.

బ్యాక్‌టిక్ కనబడితే కేకలు వేసే పోస్ట్‌గ్రెస్, ప్రశ్నార్థకాలను నోరెత్తక మింగుతుంది. కనుక "దిగుమతి విజయవంతం" అన్న మాట ప్రమాణం కాదు.

నా మూల పట్టిక చెక్కుచెదరలేదు. యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా చెప్పి మళ్లీ డంపు తీయించగా అన్ని పదాలూ వచ్చినవి. ఆ సలహా విని మూలాన్ని చెరిపి ఉంటే? భాషను మార్చుకొమ్మనే ముందు డంపును ఒకసారి తెరచి చదవండి, నాయనలారా!