ఏటినుండి వింటికి



ఆడపిల్ల యొక విద్యను కొంత దూరము నేర్చి, దానిని విడిచి వేఱొకదానికి మఱలినచో మన యిండ్లలో మొదట వినవచ్చు మాట "నిలుకడలేని పిల్ల" యనునది. మగపిల్లవాడు అట్లు మఱలినచో "వానికి ఇప్పటికి తెలివి వచ్చినది" అందుము. ఈ మాసమున నేను వ్రాయదలచినది ఈత విడిచి విల్లు పట్టిన యొక తెలుగుపడుచును గూర్చి. ఆమె వెన్నం జ్యోతి సురేఖ. 1996వ సంవత్సరమున విజయవాడలో జన్మించినది. తండ్రి సురేంద్రకుమారుగారు ఒకప్పుడు కబడ్డీ ఆటగాడు, పిదప పశువైద్యుడు. దారి మార్చుట ఆ యింటికి క్రొత్త కాదు.

నాలుగేండ్ల ప్రాయముననే ఆ పిల్ల కృష్ణానదిలో అయిదు కిలోమీటర్ల దూరమును 3 గంటల 20 నిమిషముల 6 సెకండ్లలో ఈదగా, లిమ్కా రికార్డుల పుస్తకమున ఆమె పేరెక్కినది. పిల్లలను మా నాగావళిలో మోకాలిలోతు దాటి దిగనీయని నాబోటి తల్లికి ఆ మాట వినగనే గుండె ఝల్లుమనును. కావున దానిని నేను మిక్కిలిగా కొనియాడజాలను. అంత పేరు తెచ్చిన విద్యను ప్రక్కకు పెట్టి, బడిపిల్లగా నున్నపుడే మరల ఓనమాలు దిద్దినట్లుగా విలువిద్య కారంభించుట నాకు ఈతకంటె గొప్పగా దోచినది. పేరు వచ్చినచోట నిలిచిపోవుట పెద్దలకే సులభము, పిల్లకు చెప్పనక్కఱలేదు.

నీట నేర్చినది వ్యర్థమైనదా? కాలేదని నా యూహ. ఊపిరిని ఎప్పుడు బిగబట్టవలెనో, ఎప్పుడు విడువవలెనో ఈతగత్తెకు తెలియును. ఎక్కుపెట్టిన చేయి వణకకుండుటకును అదియే కావలయును గదా. భుజముల బలము, వెన్ను బలము రెండు విద్యలకును ఉమ్మడి సొత్తు.

ఆమె పట్టిన విల్లు మనము భారతమున చదువుకొన్న విల్లు కాదు. దానిని కాంపౌండు విల్లందురు. రెండు కొనలను చిన్న కప్పీలుండును. అల్లెత్రాటిని లాగునపుడు మొదట బరువు మిక్కుటముగా నుండి, చెంపవఱకు లాగిన పిదప కప్పీల మహిమచే సుమారు నాలుగవవంతునకు దిగును. ఈ బరువు 60 పౌనులకు మించరాదని నిబంధన. అనగా మన అంగడినుండి తెచ్చుకొను 25 కిలోల బియ్యపుసంచికంటె కొంచె మెక్కువ. త్రాటిని వ్రేళ్లతో విడువరు, చేతనుండు చిన్న మీటతో విడుతురు. గుఱి చూచుటకు భూతద్దము సయితము కలదు. "అన్ని సాధనములుండగా ఇంక విద్య యేమున్నది?" అని మావారే ఒకనాడు పరిహాసమాడిరి. గుఱిపలక ఏబది మీటర్ల దూరమున నుండును. దాని నడుమ పది మార్కుల వలయము వెడల్పు 8 సెంటీమీటర్లు, మన చేతిగాజుకంటె కాస్త పెద్దది. ఒక్కొక్క ఆటకు పదునైదు బాణములు, ఒక్కొక్క బాణమునకు ఇరువది సెకండ్లు. అంతకుముందు వరుస నిర్ణయించుటకే 72 బాణములు వేయవలెను. ఈ లెక్క చెప్పిన తరువాత ఆయన మఱి మాటాడలేదు.

2021వ సంవత్సరమున అమెరికాలోని యాంక్టన్‌లో జరిగిన ప్రపంచపోటీలలో ఆమె మూడు వెండిపతకములు గెలిచెను. వ్యక్తిగతపు తుదిపోటీలో కొలంబియా దేశపు సారా లోపెజ్ చేత 146-144గా ఓడెను. రెండు మార్కుల తేడా! రెండేండ్లకు, 2023 ఆగస్టున బెర్లినులో, అదితి స్వామి, పర్ణీత్ కౌర్ అను ఇద్దరు చిన్నపిల్లలతో జట్టుగా నిలిచి మెక్సికోను 235-229గా గెలిచినది. ప్రపంచ విలువిద్యాపోటీలలో మన దేశమునకు అదియే మొదటి బంగారము. మఱునాటి సంగతి నాకు ఇంకను మనసున బట్టినది. వ్యక్తిగత పోటీలో పదునేడేండ్ల అదితి ఎదురై 149-145గా సురేఖను ఓడించెను. క్రిందటి దినమున ప్రక్కన నిలిచిన పిల్ల! ఇట్టిచో పెద్దవారికి చేయి చల్లబడును. కాని కొంతసేపటికే కంచుపతకపు పోటీకి నిలిచి, సురేఖ నూటయేబదికి నూటయేబది మార్కులు సాధించెను. పదునైదు బాణములును ఆ గాజంత వలయముననే నాటుకొన్నవి. అదితి ఆనాడు బంగారము గెలిచినది.

ఆ యేడు అక్టోబరున చైనాలోని హాంగ్జౌలో ఆసియా క్రీడలు. 4వ తేదీన ఓజస్ దేవతలేతో కలసి కొరియాపై 159-158, 5వ తేదీన జట్టుతో చైనీస్ తైపేపై 230-229, 7వ తేదీన ఒంటరిగా కొరియా పడుచు సో చేవన్‌పై 149-145. మూడును బంగారములే. మొదటి రెండింట తేడా ఒక్క మార్కేయని చూచితిరా? తుదిపోటీకి ముందు మరల అదితియే ఎదురయినది. ఈసారి పెద్దామె గెలిచినది.

పోతనగారి భాగవతమున నరకాసురునితో పోరాడు సత్యభామ ఘట్టమును మా నాయనగారు నాచేత కంఠస్థము చేయించిరి. మన యిండ్లలో పెద్దలు ఆ ఘట్టమును చదివించుకొని పరవశులగుదురు. ఆ పద్యములకు తలయూపు పెద్దలే, పదవతరగతి పిల్ల ఆటలగంటకు మైదానమునకు పోయెదననగా "ఎండకు నల్లబడుదువు" అందురు. బడులలో ఆ గంటకు గోడనీడను కూర్చుండు ఆడపిల్లలే ఎక్కువయని మావారు చెప్పుదురు. సత్యభామ విల్లు పట్టినది ఒక్క యుద్ధమునకు. ఈ పడుచు దినదినము పట్టవలసినదే.

ఒక చిక్కు చెప్పవలెను. ఒలింపిక్సున ఇన్నాళ్లు కాంపౌండు విల్లునకు చోటు లేదు. డెబ్బది మీటర్లనుండి వేయు రికర్వు విల్లునకే ఆ మర్యాద. కావున ఎన్ని ప్రపంచపతకములు తెచ్చినను "ఒలింపిక్సు మాటేమి?" అను ప్రశ్న ఆమెకు ఎదురగుచునే యుండవచ్చును. ఇది విన్నప్పుడు మా జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి తలపునకు వచ్చును. ఆమదాలవలస ప్రాంతపు ఊసవానిపేట వారామె. 1994, 1995 సంవత్సరములలో బరువులెత్తుటలో ప్రపంచమున ప్రథమురాలైనను, స్త్రీలకు ఆ పోటీ అప్పటి ఒలింపిక్సులో లేనేలేదు. 2000వ సంవత్సరమున సిడ్నీలో మొదటిసారి పెట్టిరి. అప్పటికి ఆమె 54 కిలోల తరగతి విడిచి 69 కిలోల తరగతికి మాఱినది. 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము తెచ్చినది. ఒలింపిక్సులో పతకము గెలిచిన మొదటి భారతస్త్రీ. ద్వారము తెఱచునాటికి ఆమెకు ఇరువదియైదేండ్లు.

కాంపౌండు విల్లునకు 2028లో, లాస్ ఏంజెలిసున, ద్వారము తెఱచెదమని 2025 ఏప్రిలున ప్రకటించిరి. ఆనాటికి సురేఖకు ముప్పదిరెండేండ్లు. చేయి మందగించినదని యనుటకు వీలులేదు. 2025 అక్టోబరున నాన్‌జింగులో ప్రపంచకప్పు తుదిపోటీలలో ఇంగ్లండు పడుచు ఎల్లా గిబ్సన్‌పై మరల నూటయేబదికి నూటయేబది కొట్టి కంచుపతకము గైకొన్నది. అయితే ఒలింపిక్సున ప్రవేశపెట్టినది ఒక్క మిశ్రమ జట్టు పోటీయే. జట్టునకు ఒక పురుషుడు, ఒక స్త్రీ. ఆ యొక్క చోటికై ముందు మనవారిలోనే పోటీపడవలెను. అదితికి అప్పటికి ఇరువదిరెండేండ్లు.