గోగుల చుట్టూ ఒక ఆల్బమ్ కావాలి

2024 డిసెంబరులో ‘గోదారి గట్టు’ పాట విడుదలైనప్పుడు నలభై దాటిన శ్రోతలు ఆ గొంతును ఇట్టే పట్టేశారు. రమణ గోగుల! సంగీత దర్శకుడు భీమ్స్ సిసిరోలియో ఆయన్ని వెతికి పిలిచి, మధుప్రియతో కలిపి వెంకటేష్ సినిమా ‘సంక్రాంతికి వస్తున్నాం’ కోసం పాడించారు. 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో గోగుల తెలుగు సినిమాకు వచ్చిందీ వెంకటేష్ చిత్రంతోనే. 2006 నాటి ‘లక్ష్మి’ తర్వాత ఆ గొంతు మళ్లీ వెంకీకి దొరికింది. యూట్యూబ్‌లో పాటను పది కోట్లసార్లకు పైగా చూశారు.

సంతోషమే. కానీ ఒక్క పాటతో ఆయన్ని సాగనంపితే ఎలా?

‘తమ్ముడు’ (1999) గుర్తు చేసుకుంటే గోగుల ఏం చేశారో తెలుస్తుంది. కథానాయకుడు కిక్‌బాక్సింగ్‌కు సాధన చేసే ఘట్టానికి ‘ట్రావెలింగ్ సోల్జర్’ అంటూ ఇంగ్లిష్ పాట కట్టి, తానే పాడారు. డ్యూయెట్ అయినా హుషారు పాట అయినా వయొలిన్ల గుంపుతో నింపే అలవాటున్న చోట ఎలక్ట్రిక్ గిటార్‌ను ముందుకు తెచ్చి నిలబెట్టారు. ‘బద్రి’, ‘జానీ’ కూడా అదే దారిలో నడిచాయి. తీర్చిదిద్దిన శాస్త్రీయ గొంతు కాదాయనది. కాస్త బొంగురు, కాస్త ముక్కుతో పలికేది. కాలేజీ కుర్రాళ్లకు అదే నచ్చింది. తెలుగువాళ్ల రాక్ గొంతు అంటే ఇదీ అని వాళ్లు నమ్మారు.

అలాంటి మనిషికి ఏం చేయాలో 2006లో జెర్రీ లీ లూయిస్ ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’ చూపించింది. రాక్ అండ్ రోల్ మొదటి తరం పియానో వీరుడాయన. 1957లో ‘గ్రేట్ బాల్స్ ఆఫ్ ఫైర్’తో ఊపేశాడు. డెబ్బై ఏళ్ల వయసులో చేసిన ఈ ఆల్బమ్‌లో 21 పాటలు. ఒక్కోదానికీ కొత్త అతిథి: జిమ్మీ పేజ్, బి.బి. కింగ్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, మిక్ జాగర్, నీల్ యంగ్, ఎరిక్ క్లాప్టన్... ఇందులో అసలు సొగసు పేర్ల పట్టికలో లేదు. కొందరు అతిథులు తమ పాటలనే పట్టుకొచ్చారు. పేజ్ తన బృందం లెడ్ జెప్పెలిన్ పాట ‘రాక్ అండ్ రోల్’ తెచ్చాడు. స్ప్రింగ్‌స్టీన్ ‘పింక్ క్యాడిలాక్’ తెచ్చాడు. జాన్ ఫోగర్టీ ‘ట్రావెలిన్ బ్యాండ్’ తెచ్చాడు. తెచ్చి పెద్దాయన ముందు పెట్టారు. ఆయన వాటిని తన పియానో మీదికి లాక్కుని, తన పద్ధతిలో పాడాడు. చిన్నప్పుడు ఆయన్ని రేడియోలో విని ఎదిగిన తరం ఆయనకిచ్చిన గురుదక్షిణ అది. దాని వెనకే 2010లో ‘మీన్ ఓల్డ్ మ్యాన్’ వచ్చింది. 2022లో లూయిస్ కన్నుమూశాడు. అప్పటికి ఆ రెండు ఆల్బమ్‌లూ భద్రంగా ఉన్నాయి.

మన దగ్గర అలాంటి ఆల్బమ్ చేయడానికి హైదరాబాద్ షేక్‌పేట మండలంలో, ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా, రికార్డింగ్ థియేటర్లకు కొదవ లేదు. వాయించేవాళ్లకూ లేదు. లేనిదల్లా సినిమా అండ లేకుండా పాట మీద డబ్బు పెట్టే చెయ్యి. హీరో బొమ్మ లేని పాటకు ప్రచారం దొరకదని నిర్మాతలు అంటారు. ఆ భయం అర్థమవుతుంది. అయితే ‘గోదారి గట్టు’ సినిమా రావడానికి నెల ముందే, ఆ గొంతు కోసమే, జనం నోళ్లలో నానింది కదా!

సినిమాలో గోగుల అతిథి. ఆల్బమ్‌లో ఆయన ఇంటి యజమాని కావాలి. సంగీత దర్శకుడు తమన్ డ్రమ్మర్‌గా ఎదిగినవాడు. ‘బాయ్స్’ సినిమాలో తెరమీదా డ్రమ్మరే. ఆయన డ్రమ్స్ ముందు కూర్చోవాలి. మాండొలిన్ శ్రీనివాస్ శిష్యుడు దేవిశ్రీ ప్రసాద్ తన పాటల్లో ఒకటి తెచ్చి గోగుల చేతిలో పెట్టాలి. ప్రైవేటు పాప్ ఆల్బమ్‌లతోనే పేరు తెచ్చుకున్న స్మిత ఒక యుగళం పాడాలి. మధుప్రియ తెలంగాణ జానపదం ఒకటి ఎత్తుకుంటే గోగుల గిటార్‌తో దాని వెంట నడవాలి. భీమ్స్ ఇప్పటికే తలుపు తట్టారు. మిగతావాళ్లు కదలడమే తరువాయి.