అవ్వ దీవెన ఏ భాషలో?



ఈ శీర్షికకు మీరు రాసే ఉత్తరాల్లో ఒక ప్రశ్న తరచుగా కనబడుతుంది. "బిడ్డకు చిన్నప్పుడే రెండు భాషలు వినిపిస్తే రెండూ పాడైపోతాయా? ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడితే మంచిదా?" అని. దీనికి జవాబు నేను పుస్తకాల్లో చదవక ముందే ఒక పొరుగింటిలో కళ్లారా చూశాను. ఈ నెల ఆ ఇంటిని గూర్చి రాస్తాను.

మూడేళ్ల క్రితం మా అమ్మాయి ప్రసవానికి సాయంగా అమెరికా వెళ్లి, ఆరు నెలలు అక్కడ ఉన్నాను. ఆ ఊరి పేరు ఫ్రేమింగ్‌హామ్. మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ నగరానికి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడి అంగళ్ల మీద ఇంగ్లీషుతోపాటు ఇంకో భాషలో బోర్డులు చూసి ఆశ్చర్యపోయాను. అది పోర్చుగీసు. బ్రెజిల్ దేశం 1822 వరకు పోర్చుగల్ రాజుల ఏలుబడిలో ఉండేది గనుక వారి భాష పోర్చుగీసు అయింది. ఫ్రేమింగ్‌హామ్‌లో బ్రెజిల్ నుండి వచ్చినవారు చాలామంది ఉన్నారు. పోర్చుగీసులో ఆరాధన జరిగే సంఘాలు కూడా ఉన్నాయి.

వీరిలో చాలామంది మీనాస్ జెరైస్ రాష్ట్రంలోని గోవెర్నదోర్ వలదారీస్ అనే ఊరి నుండి, దాని చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చారట. ఆ ఊరికీ అమెరికాకూ సంబంధం ఎలా కలిసిందో తెలుసా? అభ్రకం వల్ల! మన గూడూరు ప్రాంతంలోవలె అక్కడ కూడా అభ్రకం గనులున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆ అభ్రకం కోసం అమెరికావారు అక్కడికి వెళ్లారు. అలా ఏర్పడిన దారి 1980లలో పెద్ద వలసగా మారింది. అభ్రకం మాట వినగానే ఆ ఊరు నాకు పరాయి ఊరు అనిపించలేదు.

మా అమ్మాయి పొరుగింటి ఇల్లాలు ఆ ప్రాంతపు బిడ్డే. భర్త అమెరికా దేశస్థుడు, ఇంగ్లీషు తప్ప వేరే భాష తెలియదు. వారికి ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప. ఆమెకు నా ఇంగ్లీషు, నాకు ఆమె ఇంగ్లీషు బాగానే అర్థమయ్యేవి, ఎందుకంటే ఇద్దరం నిదానంగా మాట్లాడేవాళ్లం.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె కన్నీళ్లతో మా ఇంటికి వచ్చింది. సంగతి ఏమంటే, వారి పల్లెల్లో ఒక మంచి అలవాటుంది. పిల్లలు పెద్దలను చూడగానే "బేన్సా, వో" అంటారు. "దీవెన ఇయ్యి, అవ్వా" అని అర్థం. అవ్వ వెంటనే, దేవుడు నిన్ను దీవించును గాక అంటుంది. రాత్రి పడుకునే ముందూ అంతే, ఊరికి బయలుదేరేటప్పుడూ అంతే. ఇప్పుడు వారానికొకసారి ఫోనులో ముఖాలు చూసుకుంటూ మాట్లాడతారు. ఆ రోజు బాబు అవ్వను చూసి "హాయ్" అని ఒక్క మాట అని ఆటకు పరుగెత్తాడు. అవ్వకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆమె కూతుర్ని అడిగిందట, "వీడు నన్ను దీవెన అడగడమే మానేశాడు. నామీద ప్రేమ లేదా?" అని.

వాడికి ప్రేమ లేక కాదు, మాట లేక.

మూడేళ్ల వయస్సు వరకు ఆ బాబు తల్లితో పోర్చుగీసు, తండ్రితో ఇంగ్లీషు చక్కగా మాట్లాడేవాడట. తరువాత వేరే ఊళ్లో ఉండగా చిన్నపిల్లల బడిలో వేశారు. వాడు ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపి మాట్లాడటం చూసి అక్కడి టీచరు, "బిడ్డ తికమక పడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇచ్చింది. మంచి మనస్సుతోనే చెప్పింది. ఈ తల్లి భయపడి ఆ రోజు నుండి తన భాష ఆపేసింది. బాబుతో ఆపితే పాపకు అసలు మొదలే కాలేదు. జోలపాట కూడా మానేసింది. బిడ్డను ముద్దు చేయాలన్నా, మందలించాలన్నా, అరువు బట్టలు కట్టుకున్నట్లు ఉండేదని ఆమె నాతో చెప్పింది.

ఆ టీచరు మాట ఒక్కరి మాట కాదు. ఒకప్పుడు పెద్ద చదువులు చదివినవారు కూడా రెండు భాషలు బిడ్డ బుద్ధికి భారమని నమ్మేవారు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు పదేళ్ల పిల్లలను పరీక్షించి, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలు వెనుకబడలేదని, పైగా అనేక పరీక్షల్లో ముందున్నారని ప్రకటించారు. అప్పటి నుండి ఆ పాత నమ్మకం సడలుతూ వచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రమే చూడండి. ఇంగ్లీషు రాని పిల్లలకు కొంతకాలం సొంత భాషలో కూడా బోధించాలని 1971లో చట్టం చేసింది. 2002లో ఓటర్లు దాన్ని మార్చి ఇంగ్లీషుకే మొగ్గు చూపారు. 2017లో మళ్లీ చట్టం మార్చి రెండు భాషల బోధనకు దారి తెరిచారు. పెద్దలే ఇన్నిసార్లు మనసు మార్చుకున్న విషయంలో ఆ తల్లి భయపడటంలో వింతేముంది?

నిజానికి పిల్లవాడు రెండు భాషలు కలపడం తికమక కాదు. ఒక మాట ఒక భాషలో దొరకకపోతే రెండవ దాని నుండి తెచ్చుకుంటాడు. చేతిలో ఉన్న రెండు సంచుల్లో ఏది ముందు తగిలితే దానిలో నుండి తీసినట్లు. రెండు భాషల పిల్లవాడికి ఒక్కొక్క భాషలో మాటలు కొంచెం తక్కువ ఉండవచ్చు. రెండూ కలిపి లెక్కిస్తే తోటి పిల్లలకు తీసిపోడు. మాటలు రావలసిన వయస్సులోనే వస్తాయి. ఒకవేళ బిడ్డకు మాటలు మరీ ఆలస్యమైతే రెండు భాషల మీద నేరం మోపి ఊరుకోవద్దు. చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో డాక్టరుకు చూపించాలి.

ఆ ఆదివారం తరువాత ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఎలా చేసిందో వరుసగా చెబుతాను. ఇది ఏ భాషవారికైనా పనికివస్తుంది.

మొదటిది, ఎవరు ఏ భాష అనేది స్థిరం చేసుకున్నారు. తల్లి పోర్చుగీసు, తండ్రి ఇంగ్లీషు. ఇది కొత్త పద్ధతి కాదు. ఫ్రాన్సులో రోంజా అనే భాషా పండితుడు తన కొడుకును ఇలాగే పెంచి 1913లో పుస్తకం రాశాడు. తండ్రి ఫ్రెంచిలో, తల్లి జర్మనులో మాట్లాడారు, ఆ పిల్లవాడు రెండూ నేర్చుకున్నాడు. ఈ పద్ధతి ఒక్కటే దారి అని కాదు. ఇద్దరికీ ఒకే భాష ఉన్న ఇళ్లలో ఇంట్లో అది, బయట ఇంగ్లీషు అని పెట్టుకుంటారు. ఏది పెట్టుకున్నా రోజూ జరగాలి.

రెండవది, బాబు ఇంగ్లీషులో జవాబిస్తే కోపపడలేదు. "నా భాషలో చెబితేనే పెడతాను" అని అన్నం దగ్గర పరీక్ష పెట్టలేదు. వాడు ఇంగ్లీషులో "పాలు కావాలి" అంటే, అదే మాట తాను పోర్చుగీసులో పలికి పాలు ఇచ్చేది. మొదటి రెండు నెలలు వాడు ఒక్క మాట కూడా తిరిగి చెప్పలేదు. చాలామంది తల్లులు విసిగి మానేసేది ఇక్కడే. వింటున్న బిడ్డ ఊరికే లేడు, లోపల కూడబెడుతున్నాడు.

మూడవది, భాషను పాఠంగా కాక పనిగా చేసింది. శనివారం పిల్లలిద్దరినీ వంటగదిలో నిలబెట్టి, కర్రపెండలం పిండి, జున్నులాంటి చీజు, గుడ్లు కలిపి చిన్న ఉండలు చేసి కాల్చేది. మీనాస్ జెరైస్‌లో ఇంటింటా చేసే వంట ఇది. పిండి, గుడ్డు, ఉప్పు, వేడి, చెయ్యి కాలుతుంది జాగ్రత్త, ఇవన్నీ పోర్చుగీసులోనే. ఆకలి వేసినప్పుడు విన్న మాట మరిచిపోతామా?

నాలుగవది, చదువు. బ్రెజిల్‌లో మౌరీసియో దె సౌజా అనే బొమ్మల రచయిత 1963లో మోనికా అనే అల్లరి పాపను సృష్టించాడు. అక్కడి తరాల పిల్లలు ఆ బొమ్మల పుస్తకాలతోనే చదవడం నేర్చుకున్నారు. తల్లి ఆ పుస్తకాలు తెప్పించింది. అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలే గనుక బాబు త్వరగా కూడబలుక్కున్నాడు. పలకడమే కష్టం. పోర్చుగీసులో అవ్వను "అవో" అంటారు, తాతనూ "అవో" అంటారు! తేడా చివరి అచ్చును నోరు తెరిచి పలకడంలో, మూసి పలకడంలో మాత్రమే ఉంది. మన లిపిలో రెండూ ఒకేలా రాయాలి. నాకు ఎన్నిసార్లు చెప్పినా తేడా తెలియలేదు. బాబుకు మాత్రం తెలిసింది. చిన్నప్పుడు విన్న చెవి కదా!

ఐదవది, అవ్వతో మాట్లాడటం. "అవ్వకు ఏదైనా చెప్పు, చెప్పు" అని ముందుకు తోయడం మానేసింది. దానికి బదులు బాబు చేతికి ఒక పని ఇచ్చేది. ఊడిన పన్ను చూపించడం, తాను చేసిన ఉండలు చూపించడం. అవ్వ అడుగుతుంది, వాడు చెప్పాలి. అవ్వకు ఇంగ్లీషు రాకపోవడం అంతవరకు లోటు అనుకున్నారు. అదే ఇప్పుడు పెద్ద సాయమైంది. అర్థం చేసుకునేవారు పక్కనే ఉంటే బిడ్డ సులువైన భాషలోకి జారిపోతాడు. వేరే దారి లేనప్పుడే మాట బయటకు వస్తుంది.

అంతా సాఫీగా జరిగిందనుకోవద్దు. భోజనాల దగ్గర తల్లీ పిల్లలూ ఒక భాషలో నవ్వుకుంటుంటే తండ్రి మౌనంగా తినేవాడు. "నా ఇంట్లో నేనే చుట్టమయ్యాను" అన్నాడట ఒక రోజు. అది నిజమైన బాధ. ఆమె దాన్ని కొట్టివేయలేదు. అందరూ కలిసి కూర్చున్నప్పుడు చెప్పిన మాట అతనికి ఇంగ్లీషులో కూడా చెప్పేది. అతడూ కొడుకు దగ్గర పోర్చుగీసు మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నాన్నకు తప్పులు దిద్దడం అంటే ఏ పిల్లవాడికి ఇష్టముండదు? పాప సంగతి ఇంకొక కష్టం. అన్న బడి నుండి ఇంగ్లీషు తెచ్చి చెల్లెలితో ఆడుకునేవాడు. చిన్నబిడ్డకు ఇంటి భాష తక్కువ వినిపించడం చాలా ఇళ్లలో జరిగేదే. ఆమెతో తల్లి విడిగా సమయం గడపవలసి వచ్చింది.

ఈ సంగతిలో నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా మనవడు పుట్టిన కొత్తలో నేను వాడిని ఎత్తుకొని "కమ్ బేబీ, స్మైల్ బేబీ" అంటూ ముద్దాడేదాన్ని. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన టీచరమ్మను! అమెరికా బిడ్డకు ఇంగ్లీషే అర్థమవుతుందని నాకు నేనే అనుకున్నాను. ఒక రోజు ఆ ఇల్లాలు విని, "మీ అమ్మ మిమ్మల్ని ఏ భాషలో ముద్దాడింది?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. ఆ సాయంత్రం నుండి వాడికి స్నానం పోసేటప్పుడు మా అమ్మ నాతో పలికిన మాటలే పలికాను. ఇప్పుడు వాడికి మూడేళ్లు. ఫోనులో "అమ్మమ్మా, ఏం కూర?" అని అడుగుతాడు. కూర పేరు ఇంగ్లీషులో చెబితే ఒప్పుకోడు.

నేను తిరిగి వచ్చే ముందు ఆదివారం పొరుగింటివారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఫోను మోగింది. తల్లి ఏమీ చెప్పలేదు. బాబు తానే ఫోను అందుకొని, "బేన్సా, వో" అన్నాడు. అవతల కొంతసేపు ఏ శబ్దమూ లేదు. తరువాత ఆ ముసలి తల్లి దీవెన పలికింది. నాకు ఆ భాష రాదు. అయినా ఆ మాట నాకు ఎవరూ అనువాదం చేయనక్కరలేకపోయింది.

మరుసటి సంవత్సరం వారు బ్రెజిల్ వెళ్లివచ్చిన ముచ్చట మా అమ్మాయి చెప్పింది. ఒక కొట్టు తలుపు మీద "పూషి" అని పలికే మాట రాసి ఉందట. ఇంగ్లీషులో "పుష్" అంటే నెట్టు, పోర్చుగీసులో "పూషి" అంటే లాగు. తండ్రి ఎంత నెట్టినా తలుపు రాలేదు. బాబు నవ్వుతూ వచ్చి లాగి తెరిచాడు. రెండు భాషలు తెలిసిన బిడ్డకు తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలుసు.

ప్రియ పాఠకులారా, మీలో కొందరి బిడ్డలు దూరదేశాల్లో ఉన్నారు. కొందరి బిడ్డలు మన ఊళ్లోనే ఇంగ్లీషు బడికి బస్సెక్కి వెళ్తున్నారు. ఇంగ్లీషు నేర్పించండి, అది వారి బ్రతుకుకు అవసరం. దానికి బడి ఉంది, పుస్తకముంది, ఊరంతా ఉంది. మీ భాషకు మాత్రం మీరే ఉన్నారు. ఆలస్యమైందని దిగులుపడవద్దు. ఆలస్యంగా మొదలుపెట్టిన బిడ్డకు మాటలు తడబడవచ్చు, కొన్నాళ్లు వినడమే తప్ప పలకకపోవచ్చు. అయినా అవ్వ మాట అర్థమైతే చాలా దూరం వచ్చినట్లే.

ఈ రాత్రి దీపం ఆర్పే ముందు మీ అమ్మ మీతో పలికిన ఒక్క మాట మీ బిడ్డతో పలకండి. రేపు ఇంకొకటి.