తవ్వి చూడకూడదు

"ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని ఉప్పు కొనుక్కొచ్చావేంట్రా?" అంది మా అమ్మ.

విశాఖపట్నంలో బీచ్‌కి పది నిమిషాల దూరంలో ఉంటూ, ఆర్వో నీళ్లలో లీటరుకి 35 గ్రాముల లెక్కన ఉప్పు కలుపుతున్న కొడుకుని చూస్తే ఏ తల్లైనా అదే అడుగుతుంది. ఊరి పక్క సముద్రంలో నీళ్లతో పాటు ఇంకేమేం కలుస్తాయో మనకి తెలుసు కదా. ట్యాంకు 240 లీటర్లది. ఉప్పే ఎనిమిది కిలోల పైచిలుకు పట్టింది. "ఆవకాయ పెడుతున్నావా, చేపల్ని పెంచుతున్నావా?" అని ఇంకో చురక వేసింది.

అందరి ఇళ్లలో ఉండే నారింజ రంగు క్లౌన్ చేపలతో నేనూ సరిపెట్టుకుని ఉంటే ఈ కథ లేదు. ఒకరోజు షాపులో బ్లూ స్టార్ లెపర్డ్ రాస్ కనిపించింది. వేలెడంత చేప. ఒళ్లంతా నారింజ రంగు, దాని మీద ముత్యాల్లాంటి తెల్లచుక్కలు, పొట్ట దగ్గర నల్లటి మచ్చలో నీలం తళుకులు. ఎప్పుడో గానీ రాదనీ, కెన్యా తీరం నుంచి వచ్చిందనీ షాపతను చెప్పాడు. ధర వినగానే ఇంట్లో ఎంత చెప్పాలో లెక్కేసుకుంటూ కొనేశాను.

ట్యాంకులో వదిలిన నిమిషంలో చేప మాయం! తలకిందులుగా ఇసుకలోకి దూరిపోయింది. మర్నాడూ లేదు. మూడోరోజూ లేదు. "చచ్చిపోయిందేమో నాన్నా, నీళ్లు పాడైపోతాయి" అంది మా అమ్మాయి. నాకూ అదే భయం. చెయ్యి పెట్టి ఇసుక కెలికాను. లోపల నిక్షేపంగా ఉన్న చేప బాణంలా దూసుకొచ్చి రాయికి గుద్దుకుంది. మూతి చితికిపోయింది. తిండి తినలేక నాలుగోరోజు పోయింది. మా అమ్మాయి ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ, ఆ చెయ్యితో వారంరోజులు అన్నం సయించలేదు.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. కొనకముందు చెయ్యాల్సిన పని అన్నమాట!

ఈ జాతి చేపలకి ఇసుకే దుప్పటి. రోజూ రాత్రి అందులోనే పడుకుంటాయి. భయమేసినా అక్కడే దాక్కుంటాయి. ప్రయాణం చేసి వచ్చినవి కొన్ని రోజులపాటు బయటికే రావు. అందుకే సన్నటి ఇసుక రెండంగుళాల మందాన పరవాలి. గరుకు ముక్కలైతే ఒళ్లు గీరుకుపోతుంది. ఇంకో సంగతి, ఇవి రాళ్ల మీద పాకే కోపిపాడ్లనే నలుసంత జీవుల్ని పొద్దస్తమానం ఏరుకు తింటాయి. గొంతులో ఉండే పళ్లతో చిట్టి నత్తల్ని కూడా నలిపేస్తాయి. కొత్త ట్యాంకులో ఆ తిండి ఉండదు. నాది రెండు నెలల ట్యాంకు. ఇసుక కెలక్కపోయినా అది ఆకలితో చచ్చేదేమో!

ఏడాది ఆగాను. ట్యాంకు ముదిరింది, రాళ్ల నిండా జీవులు పట్టాయి. ఈ చేపలు ఎగిరి కింద పడతాయని పైన వల బిగించాను. అప్పుడు రెండోదాన్ని తెచ్చాను. ఇదీ ఆడదే. వీటిలో ఆడవే పెద్దయ్యాక మగవిగా మారతాయి.

అదీ ఇసుకలోకి దూరింది. ఒకరోజు, రెండు, మూడు... నాలుగోరోజు నా చెయ్యి మళ్లీ ట్యాంకు వైపు వెళ్లింది. సోఫాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే అంది, "విత్తనం నాటినవాడు తవ్వి చూస్తాడ్రా?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆరోరోజు ఆదివారం. ఉదయం ఎనిమిదిన్నరకి ఇసుకలోంచి ఒక కన్ను, తర్వాత మూతి, తర్వాత చేప! సరిగ్గా ఆ టైముకే ఎందుకా అనుకుంటే, మనకి ఎనిమిదిన్నర అంటే కెన్యాలో ఆరు. అక్కడ తెల్లవారే వేళ. పాపం, వేల కిలోమీటర్లు దాటొచ్చినా దానికింకా సొంతూరి పొద్దే నడుస్తోంది. మన టైముకి అలవాటు పడడానికి రెండు వారాలు పట్టింది. ఉప్పునీటి రొయ్యపిల్లల్ని నోటపెట్టడానికి ఇంకో వారం.

ఇప్పుడు దానికి మా ఇంట్లో రెండేళ్లు. సాయంత్రం లైటు ఇంకా ఆరకముందే ఇసుకలోకి వెళ్లిపోతుంది. "పడుకుంది, టీవీ తగ్గించండి" అంటుంది అమ్మ. ఒకప్పుడు ఉప్పు గురించి దెప్పిన అమ్మే!

మూడోది కొనను. షాపుల్లోకి వచ్చే ఈ చేపలు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. ఒకదాన్ని నా తొందరతో చంపాను. ఉన్నదాన్ని చివరిదాకా బాగా చూసుకోవడమే ఇక నేను చెయ్యగలిగింది. మీరూ కొనాలనుకుంటే ముందు ఏడాది ఖాళీ ట్యాంకు చూస్తూ కూర్చోగలరేమో ఆలోచించండి. కూర్చోలేనంటారా, క్లౌన్ చేపలు చాలా అందంగా ఉంటాయండీ.