వృద్ధి వేగమే విజయమా? భిలాయ్ అడుగుతున్న ప్రశ్న

భిలాయ్ అంటే ఒకప్పుడు దేశానికి గుర్తొచ్చేది రైలు పట్టా. 2023 నవంబరులో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికల వేళ గుర్తొచ్చింది మహాదేవ్ బెట్టింగ్ యాప్. ఈ మార్పును నేరవార్తగా చదివి వదిలేస్తే అసలు రాజకీయ ప్రశ్న మరుగున పడుతుంది. యువతకు ఉపాధి చూపే బాధ్యతను అంకుర సంస్థల భుజాన వేసిన ప్రభుత్వాలు, ఆ సంస్థలను ఏ కొలబద్దతో కొలుస్తున్నాయన్నదే ఆ ప్రశ్న.

సోవియట్ సహకారంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నిర్మించేందుకు 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో పాటు ఆంధ్ర ప్రాంతం నుంచి వలస వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలకు ఆ కర్మాగారం జీతమే కాక క్వార్టరు, బడి, ఆసుపత్రి కూడా ఇచ్చింది. ఆ తరం పిల్లలూ మనవలూ నేడు స్మృతి నగర్ వంటి కాలనీలలో పెరుగుతున్నారు. పక్కనే జున్వానీలో ఇంజినీరింగ్ కళాశాల ఉంది. చదువుకున్నవారి చేతిలో పట్టా ఉంది. కర్మాగారంలో మాత్రం తాతల కాలం నాటి కొలువులు లేవు. శాశ్వత సిబ్బంది సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. పనిలో పెద్ద భాగం కాంట్రాక్టు చేతుల్లోకి వెళ్లింది.

ఈ ఖాళీకి రాజ్యం చెప్పిన జవాబు స్టార్టప్. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా పథకం మొదలైంది. అదే ఏడాది ఐఐటీ భిలాయ్ ఏర్పాటైంది. రాయ్‌పుర్‌లో 36 ఇంక్ పేరిట ప్రభుత్వ ఇంక్యుబేటర్ వచ్చింది. హైదరాబాద్‌లో టీ-హబ్ అంతకుముందే, 2015లో ఆరంభమై 2022లో విశాలమైన కొత్త భవనంలోకి మారింది. ఈ ప్రయత్నాలలో తప్పు పట్టవలసింది లేదు. అయితే ఫలితాలు ప్రకటించే వేళ ఏ పార్టీ ప్రభుత్వమైనా సాధారణంగా మూడు అంకెలే చదువుతుంది: ఎన్ని సంస్థలు నమోదయ్యాయి, ఎంత పెట్టుబడి వచ్చింది, వాటి విలువ ఎంతకు చేరింది. అవి ఎవరి అవసరం తీర్చాయి, ఆదాయం ఎవరి జేబులోంచి వచ్చింది అన్న లెక్క చెప్పడం అరుదు.

ఆ కొలబద్దనే మహాదేవ్‌కు పెట్టి చూడాలి. భిలాయ్ నుంచి వెళ్లినవారు దుబాయ్‌లో కూర్చుని దీన్ని నడిపారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ చెబుతోంది. ఆ సంస్థ ఆరోపణల ప్రకారం నిర్వాహకులు ‘ప్యానెల్’ల పేరిట తెలిసినవారికి ఫ్రాంచైజీలు ఇచ్చి 70-30 నిష్పత్తిలో లాభం పంచుకున్నారు, వాట్సాప్ ద్వారా ఖాతాదారులను చేర్చుకున్నారు, బినామీ బ్యాంకు ఖాతాల గుండా సొమ్ము తిప్పారు. తక్కువ ఖర్చుతో ఖాతాదారులను సంపాదించడం, పరిచయాల మీదుగా విస్తరించడం, సరిహద్దులు దాటి ఎదగడం వంటివి పెట్టుబడిదారుల ముందు ప్రతి యువ వ్యవస్థాపకుడూ వల్లించే పాఠాలే. అవన్నీ ఇక్కడ తు.చ. తప్పకుండా అమలయ్యాయి. వేగాన్ని మాత్రమే కొలిచే బద్దకు జూదానికీ ఉత్పత్తికీ తేడా తెలియదు.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్, భాజపాలు ఈ కేసు మీద పరస్పరం నిందించుకున్నాయి. అధికారం మారాక, 2024 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దోషులెవరో న్యాయస్థానాలు తేలుస్తాయి. కానీ నెలకు ఇంత ముట్టజెబుతామంటే బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించే కుర్రవాడి గురించి ఏ వేదిక మీదా ప్రసంగం వినిపించదు. ఇటువంటి వ్యవహారాలలో సొమ్ము ఖాతాలు మారి వెళ్లిపోతుంది. ఖాతా మీది పేరు మాత్రం అక్కడే మిగులుతుంది. పోలీసులు మొదట తట్టేది ఆ పేరుగల ఇంటి తలుపునే.

ఇక చట్టం నడక చూస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లుంది. మహాదేవ్ సహా 22 యాప్‌లు, వెబ్‌సైట్లను కేంద్రం నిలిపివేసింది 2023 నవంబరు 5న, అంటే పోలింగుకు రెండు రోజుల ముందు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2023 అక్టోబరు నుంచి 28 శాతం జీఎస్టీ వసూలు చేసిన ప్రభుత్వమే, 2025 ఆగస్టులో వాటిని నిషేధిస్తూ పార్లమెంటులో చట్టం చేయించింది. నిన్నటిదాకా అంకుర విజయాల జాబితాలో వెలిగిన సంస్థలు రాత్రికి రాత్రి ఆ ఆటలు మానుకోవలసి వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ముందే నిషేధం విధించాయి. అయినా 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారకర్తలపై హైదరాబాద్‌లో కేసులు నమోదయ్యాయి. నిషేధం అవసరమే, అదొక్కటే చాలదని అనుభవం చెబుతోంది.

నిజమైన ఉత్పత్తికి కావలసిన సమస్యలు భిలాయ్ ముంగిట్లోనే ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరులో గ్యాస్ పైపులైను వద్ద జరిగిన పేలుడులో పది మందికి పైగా బలయ్యారు. వాయువు పీడనంలో తేడాను ముందుగా పసిగట్టే పరికరం తయారైతే దాని విలువ ప్రాణాల్లో తెలుస్తుంది. ఐఐటీ భిలాయ్‌లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఊతంతో ఆర్థిక సాంకేతికతకు ప్రత్యేక కేంద్రం నడుస్తోంది. అద్దెకు తీసుకున్న ఖాతాలను చిన్న బ్యాంకు శాఖ సైతం గుర్తించగల విధానం కోసం దూరం వెళ్లి పరిశోధించనక్కర్లేదు. ఈ రెండూ ఆరు నెలల్లో పదింతలు పెరిగే వ్యాపారాలు కావు. వీటికి ఓర్పుగల పెట్టుబడి, అంతకు మించి తొలి కొనుగోలుదారు కావాలి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ప్రభుత్వ కొనుగోళ్లలో అంకుర సంస్థలకు పూర్వానుభవం, టర్నోవరు షరతుల సడలింపు 2016 నుంచే ఉంది. కర్మాగారం తన సమస్యల జాబితాను బహిరంగపరచి, ప్రయోగానికి చోటిచ్చి, పని చేసిన పరికరాన్ని కొంటే, ఆ ఒక్క ఆర్డరు పది ప్రారంభోత్సవాల పెట్టు.

విజేతలను ఎంచడం ప్రభుత్వం పని కాదనీ, ఆ తీర్పు మార్కెట్‌కే వదలాలనీ కొందరి వాదన. కానీ పన్ను రాయితీ ఎవరికో, స్థలం ఎవరికో, నిధి ఎవరికో ప్రభుత్వం నిత్యం ఎంచుతూనే ఉంది. ప్రజాధనం ఇచ్చే చేతికి ప్రయోజనం అడిగే హక్కు కూడా ఉంది. శాసనసభలలో ప్రతిపక్షాలు ఎన్ని స్టార్టప్‌లు వచ్చాయని అడగడం మాని, అవి ఏ పని చేశాయని నిలదీయడం మొదలుపెట్టాలి. స్మృతి నగర్ పట్టభద్రుడు తన తెలివిని ఉత్పత్తికి అమ్ముకుంటాడా, తన ఖాతాను జూదానికి అద్దెకిస్తాడా అన్నది ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంది.