గట్టు లేని చేను

నాంపల్లి న్యాయస్థానములకును ఆబిడ్సు బజారునకును నడుమ దూరము కొద్దిపాటి నడక మాత్రమే. ఆ కొద్ది దూరములోనే తెలుగు రచయిత స్థితిగతు లన్నియు గానవచ్చును. ఒకచోట అతడు తన కథ తనదే యని నిరూపించుకొనుటకై న్యాయాధికారి యెదుట నిలిచియున్నాడు. వేఱొకచోట దొంగయచ్చు పడిన గ్రంథములు కాలిబాటపై పఱచిన పట్టామీద సగము వెలకు అమ్ముడుపోవుచున్నవి. మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. గట్టు జరిగిన దని జానెడు నేలకై మునిసిఫు కోర్టు మొదలు హైకోర్టు దాక నెక్కిన పట్టుదలగలవారు ప్రతి గ్రామమునను గలరు. అట్టి మనకు రచయిత చేని గట్టును గూర్చి చింత లేకుండుట వింత గాదా?

మొదట నాంపల్లి మాట. 2015 ఆగస్టులో విడుదలైన ‘శ్రీమంతుడు’ చలనచిత్రకథ, స్వాతి పత్రికలో వెలువడిన తన ‘చచ్చేంత ప్రేమ’ నుండి గ్రహింపబడిన దని శరత్ చంద్ర యను రచయిత నాంపల్లి కోర్టులో ఫిర్యాదు చేసెను. కోర్టు దానిని విచారణకు గైకొనెను. దర్శకుడు హైకోర్టు నాశ్రయించెను. ఆ న్యాయస్థానము విచారణ నాపుట కంగీకరింపలేదు. 2024 జనవరిలో సుప్రీముకోర్టును జోక్యము చేసికొన నిరాకరించెను. ఇందు తప్పెవరిదో నిర్ణయించుట న్యాయస్థానముల పని. మేము పూనుకొనదగినది గాదు. మే మడుగు ప్రశ్న వేఱు. చిత్రము తెరకెక్కిన ఎనిమిదిన్నర యేండ్లకు తేలిన దేమి? విచారణ సాగవచ్చు నన్నమాట మాత్రమే. ఆరోపించినవానికిని, ఆరోపింపబడినవానికిని గూడ ఇది న్యాయ మనిపించుకొనునా? ఇంతకాలము పోరాడు ఓపికయు, ఢిల్లీ దాక వకీళ్ళను నిలుపుకొను శక్తియు ఎందఱు తెలుగు కథకులకు గలవు?

కథలన్నియు పాతవే, ఎవరు ఎవరిని చూచి వ్రాసిరో యెవ రెఱుగుదు రని తేలికగా ననువారు గలరు. ఈ సందేహము నేటిది కాదు. వేయి సంవత్సరములకు పూర్వమే రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో శబ్దహరణమును అర్థహరణమును వేఱు వేఱుగ విచారించి, ఏది గ్రహణమో యేది చౌర్యమో తరతమభేదములతో నిరూపించెను. మన సుప్రీముకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యెమునందు ఇంచుమించు ఆ మార్గముననే నడచినది. భావము, ఇతివృత్తము, చారిత్రక విషయము ఎవరి సొత్తును గావు. వానిని రచయిత యే రూపమున నిలిపెనో, ఏ మాటలతో ఏ కూర్పుతో నడిపెనో అదియే యతని సొత్తని ఆ తీర్పు సారాంశము. రామకథను రంగనాథ రామాయణమున ద్విపదగా చదువుకొన్నాము, భాస్కర రామాయణమున చదువుకొన్నాము, మొల్ల నోటను విన్నాము. మొల్లను దొంగ యన్నవా డెవడును లేడు. కథ యందఱిది, కూర్పు ఆమెది. ఈ భేద మెఱిగిన జాతికి గ్రంథస్వామ్యము, అనగా కాపీరైటు, క్రొత్త నీతి గాదు.

విద్య అమ్ముకొనదగిన వస్తువా యని మఱి కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. పోతన తన భాగవతమును రాజున కంకిత మీయ నొల్లక హలము పట్టె నని చెప్పుకొనుట వినియే యున్నాము. గాంధీమహాత్ముడు 1910లో హింద్ స్వరాజ్ ఆంగ్ల ప్రతిని వెలువరించినపుడు, హక్కు లేవియు నిలుపుకొనుట లేదని దానిపై అచ్చువేయించెను. నిజమే. కాని యా మహాత్ముడే తరువాత తన రచనల స్వామ్యమును నవజీవన్ సంస్థకు ఒప్పగించెను. 2008 చివరి వఱకు ఆ హక్కు ఆ సంస్థ చేతిలోనే యుండెను. ఇందు వైరుధ్యము లేదు. ఇచ్చుటకైనను నిలుపుకొనుటకైనను స్వామి యైనవానికే యధికారము గలదు. పోతన ఈయ ననగలిగినది, ఆ కావ్యము తనది గనుకనే. రైతు కళ్ళములో పేదకు మానెడు గింజలు పెట్టిన దానము. రాత్రివేళ కల్లము దోచుకొనిపోయినవాడు ఆ దానమును పేర్కొని తప్పించుకొన జూచిన నొప్పుకొందుమా?

ఈ హక్కు శాశ్వతము గాదని గూడ గమనింపవలెను. 1847లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వమును, 1914లో బ్రిటిషు ప్రభుత్వమును ఈ విషయమై శాసనములు చేసిరి. స్వతంత్ర భారతమునకు తన సొంత శాసనము 1957లో వచ్చెను. దాని ప్రకారము గ్రంథకర్త జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును స్వామ్యము నిలుచును. పిదప గ్రంథము ప్రజల ఉమ్మడి సొత్తగును. గోలకొండ పత్రికతో తెలంగాణమును మేల్కొలిపిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1953లో కీర్తిశేషు లైరి. కావున వారి జీవితకాలమున వెలువడిన రచనలను 2014 మొదలు ఎవరైనను అచ్చువేసికొనవచ్చును. గడువునకు ముందే ప్రజలపరము చేయవలె నన్నను ధర్మమార్గము గలదు. సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను 1949లో మదరాసు ప్రభుత్వము స్వాధీనపఱచుకొనలేదా? ఉమ్మడి చెఱువునకు త్రోవ యున్నపుడు పొరుగువాని బావిలో తోడుకొన నేల?

ఇక ఆబిడ్సు సంగతి. ఆదివారమున అంగళ్ళు మూసినపిమ్మట వాని మెట్లయెదుట పుస్తకములు పఱచు వర్తకులు ఈ నగరమునకు గొప్ప యుపకారులు. ఎన్నడో అచ్చు నిలిచిన గ్రంథములు పదియో యిరువదియో రూపాయలకు అచట దొరకును. ఒకరు కొని చదివిన పుస్తకమును మఱియొకరికి అమ్ముట యేమాత్రమును తప్పు గాదు. ఆ ప్రతికి చెల్లవలసిన వెల మునుపే చెల్లినది. పాఠశాల ముగియగానే తన పుస్తకము నమ్ముకొను విద్యార్థిని ఎవరును నిందింపరాదు. మా యాక్షేపణ దాని ప్రక్కనే దొంతరగా పెట్టిన దొంగయచ్చును గూర్చి. పలుచని కాగితము, అలుముకొనిన సిరా, వంకరపోయిన పుటలు, రెండవసారి విప్పగానే ఊడివచ్చు అట్ట, ఇవి దాని గుర్తులు. అరుణ్ తివారీతో కలసి అబ్దుల్ కలాముగారు వ్రాసిన ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ను 1999లో వెలువరించినది ఈ హైదరాబాదు ప్రచురణసంస్థయే. అట్టి దేశభక్తుని గ్రంథమునకే నగరనగరమునను కాలిబాటలపై నకళ్ళు పుట్టినవి. ఆ నకళ్ళను కొని పిల్లలకు బహుమానముగా నిచ్చి దేశభక్తి బోధించిన పెద్దలును ఉండియుందురు.

మున్నూఱు రూపాయల పుస్తకమున గ్రంథకర్తకు నూటికి పది వంతున చెల్లిన ముప్పది రూపాయలు వచ్చును. దొంగప్రతి కొన్న మనకు నూటయేబది మిగులవచ్చును. ఆ ముప్పది యతనికి పోయినది. ప్రచురణకర్త పెట్టుబడియు, అచ్చుదిద్దినవాని శ్రమయు దానితో పోయినవి. లాభము పొందినవాడు కాలిబాట వర్తకుడు గాదు; ఎచటనో చీకటిగదిలో యంత్రము నడపువాడు. 1957 శాసనము ఈ నేరమునకు మూడేండ్ల వఱకు కారాగారము విధించుచున్నది. ఇట్టి నేరమున పోలీసులు వారంటు లేకయే పట్టుకొనవచ్చునని సుప్రీముకోర్టు 2022లో స్పష్టముచేసినది. ఐనను వీథిలో పట్టా పఱచిన బీదవాని మూటను పట్టుకొనుటతో అధికారులు తృప్తిపడరాదు. ఆ యంత్రము వఱకు పోవలెను. చదువుకొను పేదవానికి శాసనము త్రోవ చూపకపోలేదు. తరగతి బోధనకు వలసిన భాగములకు నకళ్ళు తీయుట నేరము కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పు చెప్పియే యున్నది.

రచయితల తప్పిదమును గూడ చెప్పకున్న మేము పక్షపాతుల మగుదుము. అర యెకరము కొనవలసిన లింకుడాక్యుమెంట్లు, సరిహద్దులు, రిజిస్ట్రీ చూడక రూపాయి చెల్లింపని గృహస్థుడే, పదేండ్లు శ్రమించి వ్రాసిన గ్రంథమును ఒక్క నోటిమాటపై ప్రచురణకర్త చేతిలో పెట్టును. స్వామ్యము బదిలీ వ్రాతమూలకముగ, సంతకముతో నుండవలె నని శాసనము. గడువు పేర్కొననిచో ఐదేండ్లకే యా బదిలీ ముగియును. పుచ్చుకొన్నవాడు హక్కును ఏడాదిలోగా వినియోగింపనిచో, ఒప్పందములో వేఱుగ లేనియెడల అది చెల్లకపోవును. సినిమాపాట వ్రాసినవాడు సినిమాశాల వెలుపలి వాడుకలకై రావలసిన తన వంతును వదలుకొన్నట్లు వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదని 2012 సవరణము చెప్పుచున్నది. హక్కు నమ్ముకొన్నను, తన పేరును తనకే నిలుపుకొను నధికారము కర్తకు ఉండనే యుండును. ఇంత ఆయుధము చేతిలో నుంచుకొని దానిని ఎఱుగకుండుట యెవరి దోషము?

మా కోరికలు స్వల్పములు. రచయితల సంఘములు తమ సభ్యుల వ్రాతప్రతులను తేదీతో నమోదుచేసి భద్రపఱచు పుస్తకము పెట్టవలెను. రేపు కోర్టులో అదియే సాక్షి యగును. ప్రచురణకర్తలు పుటలసంఖ్యను, ముద్రించిన ప్రతులసంఖ్యను, చెల్లింపు తేదీని ఒప్పందములో తెలుగున వ్రాయవలెను. న్యాయస్థానములు ఇట్టి వ్యాజ్యెములను ఏండ్ల తరబడి సాగనీయక గడువు పెట్టి తీర్పవలెను. గ్రామ గ్రంథాలయములు నకలుప్రతి నొక్కదానిని గూడ అలమారలోనికి రానీయగూడదు. పాఠకులు రానున్న ఆదివారమున ఆబిడ్సునకు పోయినపుడు పాతపుస్తకమును సంతోషముగా కొనవలెను; దొంగయచ్చు చేతికి వచ్చినచో దానిని తిరిగి పట్టాపైననే ఉంచి కదలిపోవలెను.

తన గట్టును ప్రాణముతో సమముగ కాపాడుకొను తెలుగు గృహస్థుడు, రచయిత గట్టును గౌరవించుట నేర్చినప్పుడే మన భాషలో రచయిత యనువాడు తన కలముపై బ్రతుకగలడు. ఆ దిన మింకను రాలేదు. దానిని రప్పించుట మన చేతిలోని పని.